ఒక ఫోను, రెండు గుమ్మాలు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము ఇరవై ఏళ్ళుగా ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెబుతున్నవాళ్ళం. అలాంటి మేము తెలుగులో ప్రసంగించటమేమిటని కొందరు నవ్వుకుంటూ వుండవచ్చు. ఉర్దూలోనే మాట్లాడదామనుకున్నాం. కాని సంచికలో వేసేటప్పుడు ఎంతమంది చదవగలరని కార్యదర్శిగారు అడిగారు. మన ఇళ్ళల్లో ఉర్దూ మాట్లాడే పిల్లలున్నారు గాని, ఉర్దూ చదివే పిల్లలు తగ్గిపోయారు. అది వేరే బాధ, వేరే సభలో చెప్పుకుందాం. ఈరోజు తెలుగులోనే మాట్లాడతాం. తప్పులుంటే మా బడి తప్పు గాదు, మాదేనని క్షమించండి.

మాకిచ్చిన విషయం: ఒకే మనిషి వాట్సాప్‌లో రెండు ఖాతాలు పెట్టుకోవటం, దానివల్ల మన గుట్టు నిలుస్తుందా పోతుందా అన్నది. కార్యదర్శిగారు మమ్మల్నే ఎందుకు అడిగారో మాకు తెలుసు. మేము ఫోను విద్యలో పండితులం కాము. ఈ విషయంలో మన సంఘంలో అందరికన్నా పెద్ద తప్పు చేసినవాళ్ళం మేమే. ఆ తప్పు గురించి కూడా దాచకుండా చెబుతాం. ముందు కాస్త వెనక్కి వెళ్ళి మొదలుపెడతాం.

మా చిన్నతనంలో మా వీధిలో ఒక్క కిరాణా కొట్టులోనే ఫోను వుండేది. మా ఉత్తరాల్లో, దరఖాస్తుల్లో ఆ నంబరే రాసి పక్కన ‘పి.పి.’ అని పెట్టేవాళ్ళం. పెద్దవాళ్ళకు గుర్తుండే వుంటుంది. గల్ఫ్ నుంచి మా మామూజాన్ ఫోను చేస్తే, కొట్టు కుర్రాడు వీధి చివర నుంచి కేకవేసేవాడు. మా అమ్మీ పరుగున వెళ్ళి, బియ్యం కొనేవాళ్ళ మధ్య నిలబడి, తమ్ముడితో మాట్లాడేది. ఏడుపు వస్తే కొంగు నోట్లో కుక్కుకునేది. డబ్బు పంపాడా లేదా అన్న సంగతి మాకంటే ముందు వీధికి తెలిసేది. అప్పట్లో దాన్ని ఎవరూ గుట్టు పోవటం అనలేదు, ఎందుకంటే వేరే దారి లేదు.

తర్వాత ఇంటింటికీ ఫోను, మనిషి మనిషికీ ఫోను వచ్చాయి. ఇక మన మాట మనదే అనుకున్నాం. 2009లో అమెరికాలో ఇద్దరు వాట్సాప్ మొదలుపెట్టారు. 2014లో ఫేస్‌బుక్ సంస్థ దాన్ని కొనేసింది. మన దగ్గర అది చుట్టపక్కాల పలకరింపులకూ, పండగ ముబారక్‌లకూ పనికివచ్చేది. 2020లో కరోనా వచ్చి బడులు మూసేసినప్పుడు అదే బడి అయిపోయింది. మేము నల్లబల్ల మీద రాసిన లెక్కను ఫొటో తీసి పంపేవాళ్ళం. పిల్లలు చేసిన లెక్క ఫొటో తీసి మాకు పంపేవాళ్ళు.

అప్పుడొక సంగతి గమనించాం. ఆ ఫోను చాలా ఇళ్ళల్లో పిల్లది గాదు, అబ్బాది. కొన్ని ఇళ్ళల్లో అన్నది. కొన్నిట్లో అమ్మీది. అంటే మా ‘తరగతి గ్రూపు’లో వున్నవి పిల్లల నంబర్లు కావు, ఇళ్ళ నంబర్లు. గ్రూపులో వున్న ప్రతివాడికీ మిగతా అందరి నంబర్లూ కనిపిస్తాయి. ఎవరి భార్య నంబరో, ఎవరి చెల్లెలి నంబరో ముక్కూమొహం తెలియని వంద మంది చేతుల్లోకి వెళ్ళింది. ఆ పని చేసింది మేమే. సదుద్దేశంతోనే చేశాం, కాని ఇజాజత్ అడగలేదు.

మా నంబరు కూడా ఊరంతా పాకింది. రాత్రి పదకొండింటికి ‘సార్, రేపు సెలవా?’ అని ఒకరు. తెల్లవారుజామున బోనఫైడ్ కావాలని ఒకరు. మా మేనకోడలి నిఖా కోసం ప్రొఫైల్‌లో పెట్టిన ఇంటి ఫొటో చూసి, బాగుంది సార్ అన్నవాళ్ళు కొందరు. వాళ్ళ తప్పేమీ లేదు. తలుపు బార్లా తీసి పెట్టి, చూశారేమిటని అడిగితే ఎలా?

అందుకని ఇంకో సిమ్ తీసుకున్నాం. ఒక నంబరు ఇంటికి, ఒకటి బడికి. మొదట్లో రెండో ఖాతా కోసం పాత ఫోను ఒకటి బీరువాలోంచి తీసి వాడాం. కొన్ని ఫోన్లలో తయారీదారులే ఒక యాప్‌ను రెండుగా చేసుకునే వీలు ఇచ్చారు. ఇంకొందరు 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌ను రెండో నంబరుకు వాడుకున్నారు. చివరకు 2023 అక్టోబరులో ఆ సంస్థవాళ్ళే ఆండ్రాయిడ్ ఫోన్లకు ఒకే యాప్‌లో రెండు ఖాతాల సౌకర్యం ప్రకటించారు. సెట్టింగుల్లో మన పేరు పక్కనున్న బాణం నొక్కి రెండో ఖాతా చేర్చుకోవటమే. నంబరు మాత్రం రెండోది వుండి తీరాలి.

ఒక పెద్దాయన మమ్మల్ని నిలదీశారు. ‘మాస్టార్ సాబ్, రెండు ఖాతాలెందుకు? నిజాయితీగా వున్నవాడికి ఒకటి చాలదా? రెండు మొహాలు ఎవరికి కావాలి?’ అన్నారు. మంచి ప్రశ్నే. మేము ఆయన్ను తిరిగి అడిగాం. ‘చాచాజాన్, మీ పాత ఇంటికి ముందు దివాన్‌ఖానా, వెనక వైపు వంటింటి గుమ్మం రెండూ వుండేవి గదా. బియ్యం బస్తావాడు, పంచాయితీకి వచ్చినవాడు ముందు నుంచి వచ్చేవాళ్ళు. పొరుగింటి ఖాలా, చాకలి ఆమె వెనక నుంచి వచ్చేవాళ్ళు. అంతమాత్రాన మీకు రెండు మొహాలున్నాయని ఎవరైనా అన్నారా?’ ఆయన నవ్వి ఊరుకున్నారు.

కాబట్టి రెండు ఖాతాలు పెట్టుకోవటం మోసం గాదు. ఎవరికి ఏ గుమ్మమో తేల్చుకోవటం. అయితే గుమ్మాలు రెండయినప్పుడు గడియలూ రెండు వెయ్యాలి. అక్కడే మనం పొరపాటు పడుతున్నాం.

రెండో ఖాతా ఏం దాస్తుందో, ఏం దాయదో విడివిడిగా చెప్పుకుందాం. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్ మాటలకు రెండు కొసల మధ్య తాళం వేశారు. పంపినవారి ఫోనూ, అందుకున్నవారి ఫోనూ తప్ప మధ్యలో ఎవరూ, ఆ సంస్థవాళ్ళు కూడా, చదవలేరు. ఇది అంటించిన కవరు వంటిది. కాని కవరు మీద చిరునామా వుంటుంది గదా. ఎవరు ఎవరికి, ఎప్పుడు పంపారన్నది సంస్థకు తెలుస్తుంది. పైగా ఆ మాటల నకలును గూగుల్ ఖాతాలో దాచుకుంటాం. దానికి అటువంటి తాళం కావాలంటే మనమే వేసుకోవాలి. ఆ వీలు 2021లో ఇచ్చారు, ఎక్కువమంది దాని జోలికి పోలేదు.

రెండో నంబరు తీసుకుంటే మనం ఎవరికీ తెలియకుండా పోతామని కుర్రాళ్ళు అనుకుంటారు. బేటా, ఆ సిమ్ కూడా నీ గుర్తింపు కాగితం మీదే తీసుకున్నావు. ప్రభుత్వానికి తెలుసు, సిమ్ ఇచ్చిన సంస్థకు తెలుసు. రెండో ఖాతా ఊళ్ళోవాళ్ళ నుంచి కాస్త మరుగు ఇస్తుంది, చట్టం నుంచి ఇవ్వదు. తప్పుడు పనికి అది ముసుగు గాదు.

టెలిగ్రాం సంగతి కూడా ఒక మాట. అందులో ఒక ఫోనులో మూడు ఖాతాల దాకా పెట్టుకోవచ్చు, నంబరు కనపడకుండా పేరుతోనే మాట్లాడుకోవచ్చు. అందుకని అదే ఎక్కువ భద్రమని పిల్లలు అనుకుంటారు. కాని అందులో మామూలు మాటలకు మనం చెప్పుకున్న కొసల తాళం లేదు. ‘రహస్య చాట్’ అని వేరుగా తెరిస్తేనే వుంటుంది. నంబరు దాగినంత మాత్రాన మాట దాగినట్టు గాదు.

ఇక మా తప్పు చెప్పాలి.

2024 జూన్‌లో బడులు తెరిచిన రోజులవి. మన సంఘం తరఫున పిల్లలకు ఫీజులకూ, పుస్తకాలకూ, బస్సు పాసులకూ సాయం చేద్దామని తీర్మానించాం. దరఖాస్తులు చూసి జాబితా తయారుచేసే పని మాకు అప్పగించారు. 37 మంది పిల్లలు. పేరు, తండ్రి పేరు, వీధి, ఆధార్ నంబరు, చివర్న ‘కారణం’ అని ఒక గడి. ఆ గడిలో మేమే మా చేత్తో రాశాం. తండ్రి చనిపోయాడు. తండ్రి వదిలి వెళ్ళాడు. తల్లి బీడీలు చుడుతుంది. ఆటో ఫైనాన్సువాళ్ళు తీసుకుపోయారు. ఇవన్నీ కమిటీ పెద్దలు నిర్ణయం చెయ్యటానికి అవసరమే.

కమిటీ గ్రూపు పేరు ‘తాలీమీ కమిటీ’. అది ఇంటి ఖాతాలో వుంది. బడి ఖాతాలో మేము నడిపే తల్లిదండ్రుల గ్రూపు పేరు ‘తాలీమీ ఖబర్’. అందులో 112 మంది. రాత్రి పది దాటింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. ఫోను బడి ఖాతా మీద తెరిచి వుందన్న ధ్యాస లేదు. ‘తాలీమీ’ అన్న మొదటి మాట కనబడగానే జాబితా పంపేసి, దీపం ఆర్పి పడుకోబోయాం.

పదకొండు నిమిషాల తర్వాత ఫోను మోగింది. ఒక తండ్రి. ‘సార్, ఏదో పొరపాటున వచ్చినట్టుంది’ అన్నాడు, మెల్లగా. లేచి చూసుకుని ‘అందరికీ తొలగించు’ నొక్కాం. గ్రూపులో చెరిగిపోయింది. కాని ఈలోగా దించుకున్నవాళ్ళ దగ్గర, తెర ఫొటో తీసుకున్నవాళ్ళ దగ్గర అది వుండనే వుంది. విల్లు వదిలిన బాణాన్ని ‘తొలగించు’ అంటే తిరిగి వస్తుందా?

మర్నాడు బడిలో ఎవరూ ఏమీ అనలేదు. అదే ఎక్కువ భయం వేసింది. పదో తరగతి ఆడపిల్ల ఒకతె రాలేదు. రెండో రోజూ రాలేదు. నాలుగు రోజులు రాలేదు. లెక్కల్లో ముందుండే పిల్ల. ఆ పిల్లకు ఎదురైన సంగతి తర్వాత తెలిసింది. పక్క బెంచీ పిల్ల ఏదో అమాయకంగా, ‘మీ అబ్బా దుబాయిలో వున్నాడన్నావు గదా, వదిలేసి వెళ్ళాడని సార్ రాశారే’ అన్నదట.

అయిదో రోజు ఆ పిల్ల తల్లి బడికి వచ్చింది. బీడీ ఆకు కత్తిరించి కత్తిరించి వేళ్ళ కొసలు గట్టిపడిపోయిన మనిషి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. అరిచి తిడుతుందనుకున్నాం, తిట్టినా బాగుండేది. ఉర్దూలోనే అన్నది, తెలుగులో చెబితే ఇది: ‘మాస్టార్ సాబ్, ఫీజు మీరు కడుతున్నారు, మీ పిల్లల కోసం దువా చేస్తున్నాం. మా ఇంటాయన పోయిన సంగతి ఎనిమిదేళ్ళుగా నా బిడ్డకు నేనే పరదా వేసి దాచుకున్నాను. మీరు ఒక్క వేలితో ఆ పరదా లాగేశారు.’

మా దగ్గర జవాబు లేదు. మాఫీ అడిగాం. ఆమె ‘అల్లా మాఫ్ చేస్తాడు’ అంది. తను చేశానని అనలేదు. మేము గమనించాం.

ఆ పిల్ల మళ్ళీ బడికి వచ్చింది. పదో తరగతి మంచి మార్కులతోనే ముగించింది. కాని మా దగ్గర లెక్కల సందేహం అడగటం మానేసింది. పక్క సెక్షను టీచరును అడిగేది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో మాకు పడిన శిక్ష అది.

చూడండి, తప్పు వాట్సాప్‌ది అనటానికి లేదు. తాళం బాగానే పనిచేసింది, మధ్యలో ఎవరూ చదవలేదు. తాళంచెవి చేతిలో వున్న మనిషే తప్పు గుమ్మం తెరిచాడు. మా గుట్టు కాపాడుకోవటానికి రెండో ఖాతా పెట్టుకున్నాం. ఆ ఖాతాతోనే 37 ఇళ్ళ గుట్టు వీధిన పెట్టాం. మన పెద్దలు ‘అమానత్’ అనే మాట వాడేవారు. ఎవరైనా హజ్‌కు వెళ్తూ నగలమూట మన దగ్గర పెడితే అది అమానత్. మనది గాదు, చూడకూడదు, పోగొట్టకూడదు. ఈరోజు ఒకరు మనకిచ్చిన నంబరు, ఒక ఫొటో, ఒక ఆధార్ కాగితం, అన్నీ అమానత్‌లే. ఫోనులో మన గుట్టు కొంతే. అందులో ఎక్కువ భాగం ఇతరులది.

ఆ తర్వాత మేము చేసుకున్న మార్పులు చెబుతాం. గొప్ప కోసం గాదు, మీకూ పనికివస్తాయని.

ఒకటి. రెండు ఖాతాలకు వేరువేరు ఫొటోలు పెట్టుకున్నాం. బడి ఖాతాకు బడి గేటు ఫొటో. గ్రూపుల పేర్లు ఒకదానికొకటి పోలిక లేకుండా మార్చాం. ముఖ్యమైన కాగితం రాత్రిపూట పంపటం మానేశాం. ఎంత అవసరమైనా తెల్లారి ఫజర్ తర్వాతే.

రెండు. ప్రతి ఖాతాకూ గోప్యత సెట్టింగులు వేరు. ఒకదాంట్లో సరిచేస్తే రెండోదాంట్లో దానంతటది కాదు. రెండింట్లోనూ విడిగా చూసుకోవాలి. ఫొటో ఎవరు చూడాలి, చివరిసారి ఎప్పుడొచ్చామన్నది ఎవరికి తెలియాలి, మనల్ని గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చు అనే మూడూ ముఖ్యం. ఇక్కడొక చిక్కుంది. ఖాతాలు రెండైనా ఫోనులో పేర్ల పుస్తకం ఒక్కటే. ‘నా కాంటాక్టులకు మాత్రమే’ అని పెడితే, బడి పనికని పేరు రాసుకున్న రెండొందల మందీ అందులోకే వస్తారు. ఇంటి ఫొటో వాళ్ళ కంట పడకూడదంటే ఆ ఒక్కటీ చాలదు.

మూడు. తల్లుల నంబర్లున్న గ్రూపులు తీసేశాం. దాని బదులు ‘బ్రాడ్‌కాస్ట్ లిస్టు’ అని వుంది. 256 మంది దాకా ఒకేసారి కబురు పంపవచ్చు. ఎవరికి వారికే విడిగా అందుతుంది, ఒకరి నంబరు ఒకరికి కనపడదు. మన నంబరును వాళ్ళు తమ ఫోనులో రాసుకుని వుండాలి, అంతే. సెలవు కబురుకూ, పరీక్ష తేదీకీ ఇది చాలు.

నాలుగు. జాబితాల్లో పేర్లు తీసేసి వరస నంబర్లు పెట్టాం. పేర్లున్న పుస్తకం ఒక్కటే, అది బీరువాలో వుంటుంది. ‘కారణం’ గడి ఇక లేదు. కారణం కమిటీ కూర్చున్నప్పుడు నోటితో చెప్పుకుంటాం. ఆధార్ కావలసివస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే ‘మాస్క్‌డ్ ఆధార్’ తీసుకుంటున్నాం. ఆధార్ సంస్థే ఆ వీలు ఇచ్చింది.

రెండో సిమ్ గురించి ఒక హెచ్చరిక. మా సాటి ఉపాధ్యాయుడొకరు కూడా మాలాగే బడికని వేరే నంబరు తీసుకున్నారు. బదిలీ అయ్యాక ఆ సిమ్‌కు రీచార్జి మానేశారు. రీచార్జి లేని నంబరును కొంతకాలానికి ఆపేస్తారు. ఆపేసిన నంబరును 90 రోజులు గడిచాక ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఆయన నంబరూ అలాగే ఇంకెవరికో వెళ్ళింది. పాత బడి తల్లిదండ్రుల ఫోన్లలో మాత్రం అది ఇంకా ‘సార్’ అనే వుంది. పిల్లల జనన ధ్రువపత్రాలు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీలు, ఫొటోలు ఆ కొత్త మనిషికి వెళ్ళాయి. ఆయన మంచివాడు కాబట్టి ‘మీరనుకునే సార్ నేను గాదు’ అని ఒకరికి ఫోను చేసి చెప్పాడు. మంచివాడు కాకపోతే?

కాబట్టి రెండో నంబరు వదిలెయ్యదలిస్తే ఊరికే వదలకండి. ముందు వాట్సాప్‌లో ‘నంబరు మార్చు’ అన్న వీలు వాడండి, లేదా ఖాతానే తీసెయ్యండి. అందరికీ కబురు చెప్పండి. బ్యాంకులో ఆ నంబరు ఇచ్చి వుంటే మార్పించండి. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడ మేకులు కూడా పీక్కుని వచ్చే మనం, నంబరు ఖాళీ చేసేటప్పుడు మొత్తం సామాను అక్కడే వదిలి వస్తున్నాం.

మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో కేంద్ర టెలికాం శాఖవారి ‘సంచార్ సాథీ’లో చూసుకోవచ్చు. మనకు తెలియని నంబరు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చెయ్యవచ్చు. ఒక మనిషికి మన రాష్ట్రాల్లో తొమ్మిది కనెక్షన్లు పరిమితి. ఎవరో అడిగారని మన ఆధార్ మీద సిమ్ తీసి ఇచ్చే మొహమాటం ఇకనైనా మానుదాం.

‘జీబీ వాట్సాప్’ వంటి నకలు యాప్‌లు కొందరు కుర్రాళ్ళు వాడుతున్నారు. రెండు ఖాతాలకూ, చెరిపేసిన మాటలు చదవటానికీ పనికివస్తాయట. అవి అసలు సంస్థవి కావు. ఖాతా నిలిపివేస్తారు, అది చిన్న నష్టం. మన మాటలు ఎవరి చేతిలో పెడుతున్నామో తెలియకపోవటం పెద్ద నష్టం.

మోసాల సంగతి. అందరూ రెండేసి నంబర్లు వాడుతున్నారు గనుక ‘ఇది నా కొత్త నంబరు’ అంటే మనకు అనుమానం రాదు. ఆ నమ్మకం మీదే దొంగ బతుకుతున్నాడు. మీకు తెలిసినవారి ఫొటో పెట్టి, ఆసుపత్రిలో వున్నాం, ఇరవై వేలు పంపమంటాడు. మీరు చెయ్యవలసింది ఒక్కటే. పాత నంబరుకు ఫోను చెయ్యండి, గొంతు వినండి. ఆరంకెల కోడు ఎవరు అడిగినా చెప్పకండి. ఆ కోడు చేతికిస్తే ఖాతా చేతికిచ్చినట్టే. రెండు ఖాతాలకూ ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ అనే రెండో తాళం వెయ్యండి. ‘లింక్డ్ డివైసెస్’లో మనకు తెలియని యంత్రం ఏదైనా వుందేమో నెలకోసారి చూడండి. డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోను చెయ్యండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు దొరకటం కష్టం.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. ఇది చెప్పటానికి కొంచెం భయంగా వుంది, అయినా చెబుతాం. కూతురి ఫోనులో రెండో ఖాతా కనిపించిందని చదువు మాన్పించిన ఇల్లు మాకు తెలుసు. బడికి వచ్చి మాతో ఆ పిల్ల చెప్పింది వేరు. బస్టాండులో రీచార్జి చేయించుకున్న చోట నుంచి ఆమె నంబరు ఎవడికో చేరింది. వాడు రోజూ ఫొటోలు పంపుతున్నాడు. ఇంట్లో చెబితే ఫోనే లాక్కుంటారని, స్నేహితురాళ్ళ కోసం ఇంకో నంబరు పెట్టుకుంది. తప్పు చేసింది వాడు, చదువు పోయింది ఈమెది.

మేము పిల్లలందరూ ఫరిష్తాలని అనటం లేదు. రెండో ఖాతా చాటున చెడు స్నేహాలు పెంచుకునేవాళ్ళూ వున్నారు. ఆ వయసు పిల్లల ఫోను మీద పెద్దల కన్ను వుండాలి. కాని కన్ను వేరు, కన్నం వేరు. పరాయి ఇంట్లోకి వెళ్ళేముందు సలాం చెప్పి, అనుమతి అడిగి వెళ్ళాలని మన ధర్మం నేర్పింది. ఒకరి లోగుట్టు తవ్వవద్దని కూడా చెప్పింది. ఇంట్లో వున్న పిల్లను ముందు పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఈ రెండో ఖాతా ఎందుకు పెట్టుకున్నావు బేటీ?’ అని అడగండి. గొంతు పెంచకుండా అడగండి. సగం ఇళ్ళల్లో జవాబు విని మీరే పోలీసు స్టేషనుకు తోడు వెళతారు.

ఇది మతం మాటే గాదు, దేశం మాట కూడా. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు ఆధార్ విషయంలో 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ వ్యాజ్యంలో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్క మాటగా, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు ఇచ్చారు. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో అది భాగమన్నారు. ఆ తొమ్మిదిమందిలో మన కృష్ణా జిల్లావారు జాస్తి చలమేశ్వర్‌గారు వున్నారు. 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చిన అబ్దుల్ నజీర్‌గారు వున్నారు. మేము ఈ తీర్పు సంగతి పదో తరగతి పిల్లలకు చెప్పాం. చెప్పిన ఏడేళ్ళకు మేమే ఆ పిల్లల హక్కు తీసేశాం. చెప్పటం తేలిక.

చివరగా సంఘానికి ఒక విన్నపం. ఇది మా స్వంత అభిప్రాయం, పెద్దలు మరోలా అనుకోవద్దు.

మనం ప్రతి ఏడూ ఈ సంచికలో సాయం అందుకున్నవారి ఫొటోలు వేస్తున్నాం. కుట్టుమిషను పక్కన తల వంచుకుని నిలబడ్డ బేవా స్త్రీ, చెక్కు పట్టుకున్న కుర్రాడు, కింద పేరు, వీధి. చందా ఇచ్చినవారికి లెక్క చూపించాలన్నదే మన ఉద్దేశం. కాని ఆ పేజీని ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. అక్కడ నుంచి అది ఎన్ని గ్రూపులకు పోతుందో మన చేతిలో లేదు. మా ఒక్క వేలు చేసిన పని, మన సంచిక ఏటా అచ్చు వేయించి చేస్తున్నది. చందాదారులకు లెక్క కావాలంటే అంకెలు వేద్దాం. ఎన్ని కుట్టుమిషన్లు, ఎంతమంది పిల్లలు, ఎన్ని రూపాయలు, ఆడిటరు సంతకం. పుస్తకాలు చూడదలచినవారు ఆఫీసుకు వచ్చి చూడవచ్చు. మొహాలు మాత్రం వద్దు. మొహాలే వెయ్యాలంటే ఇచ్చిన మన మొహాలు వేసుకుందాం. ఎలాగూ మనం తల ఎత్తుకునే నిలబడతాం.

ఆ తల్లి మమ్మల్ని మాఫ్ చేసిందో లేదో ఇప్పటికీ తెలియదు. ఈ సంచిక ఆమె ఇంటికీ వస్తుంది. కూతురు చదివి వినిపిస్తుందేమో. అందులో ఆమె పేరు గాని, బిడ్డ పేరు గాని, వీధి గాని లేవు. ఆమెకు మేము తిరిగి ఇవ్వగలిగింది ప్రస్తుతానికి ఇంతే.

 ఇంటికి వెళ్ళాక నిద్రపోయేముందు ఒక్కసారి ఫోను తీసి, ఏ గుమ్మం తెరిచి వుందో చూసుకోండి. ఖుదా హాఫిజ్.